తీసేసిన జీవోకు జాడ ఉండాలి

సర్కారు కాగితాలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటున్నాయి, ఇక గ్రంథాలయాల్లో గెజిట్లు, జీవోల కట్టలు ఎందుకు? ఆ బీరువాల్లో పోటీపరీక్షల పుస్తకాలు పెడితే పిల్లలకైనా పనికొస్తాయి అనేవాళ్లు అధికారుల్లోనే కాదు, చదువరుల్లోనూ ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. మరి ఈరోజు ఆన్‌లైన్‌లో ఉన్నది రేపు కూడా ఉంటుందని హామీ ఎవరిస్తున్నారు?

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది. 2008 నుంచి నడుస్తున్న ఏర్పాటు అది. అప్పటికే నంబరు తప్ప లోపల విషయమే లేని ‘ఖాళీ జీవోల’ మీద గొడవ నడుస్తోంది. ఖాళీలు నింపాల్సిందిపోయి ఏకంగా తలుపే మూసేశారు. తర్వాత ఈ-గెజిట్ అన్నారు. ఎంపిక చేసిన ఉత్తర్వులే అందులోకి వచ్చాయి. వ్యవహారం హైకోర్టుకెక్కింది. పాత పద్ధతి మళ్లీ మొదలైంది ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టు చివర్లో. మూడేళ్లు! తెలంగాణలోనూ 2021 ఆగస్టులోనే, దళితబంధు వ్యాజ్యంలో, జీవోలను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇది రాజధానుల గొడవ, పల్లెకేం సంబంధం అనుకునేవాళ్లు మెదక్ జిల్లా కుల్చారం మండలానికి రావాలి. అక్కడ మంజీర మీద నిజాం కాలంనాటి ఘనపూర్ ఆనకట్ట ఉంది. ఇప్పుడు వనదుర్గా ప్రాజెక్టు అంటున్నారు. మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల కింద 21,625 ఎకరాల ఆయకట్టు. ఎగువన సింగూరు జలాశయం. ఆ నీళ్లు హైదరాబాద్‌కు తాగడానికి పోవాలి, నిజాంసాగర్‌కు పోవాలి, ఘనపూర్‌కూ రావాలి. యాసంగి నాట్లు వేసిన రైతు నీళ్లు వదలమని రోడ్డెక్కితే, వాటా ఎంతో చెప్పే ఉత్తర్వు చేతిలో ఉన్నప్పుడే అది హక్కు కింద అడగడమవుతుంది. లేకుంటే ఆఫీసరు దయ.

సమాచార హక్కు చట్టం ఉంది కదా, దరఖాస్తు పెట్టుకోవచ్చంటారు. అదే చట్టంలోని 4వ సెక్షన్, జనం దరఖాస్తులు పెట్టే అవసరం రాకుండా సమాచారాన్ని సర్కారే బయటపెట్టాలని చెబుతోంది. పైగా జవాబుకు 30 రోజుల గడువు. పొట్టదశలో ఉన్న వరి అన్నాళ్లు ఆగదు.

భద్రత కోసం కొన్ని కాగితాలు తీసేయక తప్పదన్నది మరో వాదన. న్యూయార్క్ దాడుల తర్వాత, 2001 అక్టోబరులో, తాగునీటి వనరుల వివరాలున్న ఒక సీడీని ధ్వంసం చేయమని అమెరికా ప్రభుత్వం తన ప్రచురణలు భద్రపరిచే గ్రంథాలయాలను ఆదేశించింది. అది తప్పో ఒప్పో వాదించుకోవచ్చు. కానీ ఆ ఆదేశం ఆ సీడీ ఉన్న ప్రతి గ్రంథాలయానికీ చేరాల్సి వచ్చింది కాబట్టే లోకానికి తెలిసింది, చర్చ జరిగింది. సర్వర్‌లో ఫైలు చెరిపేయడానికి అలా ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు. అచ్చుప్రతులు పదిచోట్ల ఉండాలనడం పాతకాలపు మోజుతో కాదు, ఇందుకే.

1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రభుత్వ ప్రచురణలకూ వర్తిస్తుంది. ఆ ప్రతులు చేరేది కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీలకు. తెలుగునేల మీద ఒక్క గ్రంథాలయానికీ ఆ చట్టం కింద ప్రతులు పొందే హక్కు లేదు. గ్రంథాలయ సెస్సు మాత్రం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు చొప్పున ఇక్కడి ఊళ్లూ కట్టాల్సిందే. ఆ డబ్బుతో మెదక్ జిల్లా గ్రంథాలయ సంస్థ సింగూరు, ఘనపూర్ నీటి ఉత్తర్వులను, 2011 జనగణన జిల్లా పుస్తకాన్ని, గెజిట్లను అచ్చులో అందుబాటులో ఉంచాలి. వాటిలో దేన్నయినా తీసేయమని పైనుంచి ఆదేశమొస్తే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీయించారో రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును పాఠకుల బల్లమీదే పెట్టాలి.