కుక్కను బెంచుటయు దేహపరిశ్రమయు

మన పాఠశాలలో వ్యాయామమునకు గంట కలదు, ఆటస్థలము కలదు, ఈల యూదు నుపాధ్యాయుడును గలడు. కాని బడి విడిచి యిల్లు చేరిన పిదప మనలను నడిపించువా రెవరు? ఈ ప్రశ్నకు నేను జెప్పు ప్రత్యుత్తరము కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కుక్క యని నా యభిప్రాయము.

నా యనుభవమునే మొదట విన్నవించెదను. మూడేండ్ల క్రిందట వైద్యుడు నన్ను బరీక్షించి, రక్తములో జక్కెర హెచ్చుచున్నదనియు, దినమున కరగంట తప్పక నడువవలయుననియు జెప్పెను. నేను ట్రెయినింగు కాలేజిలో నారోగ్యశాస్త్రమును జదివినవాడను. నడచునపుడు పిక్కల, తొడల కండరములు రక్తములోని చక్కెరను గ్రహించి వాడుకొనునని నల్లబల్లపై వ్రాసి యెన్నియో తరగతులకు బోధించినవాడను. అయినను నాలుగు దినములు నడచి యైదవనాడు మానితిని. ఒకనాడు వాన; ఒకనాడు దిద్దవలసిన పరీక్షపత్రములు; ఒకనాడు వట్టి సోమరితనము. తెలియుట వేఱు, చేయుట వేఱు.

అంతట నా చిన్నకుమార్తె వీథిలో దిరుగు కుక్కపిల్ల నొకదానిని యింటికి దెచ్చెను. నే నొప్పుకొనలేదు, ఆమె యేడ్చెను, కుక్కపిల్ల యింట నిలిచెను. ఆఱు నెలలు గడచునప్పటికి, తెల్లవాఱుజామున నైదు గంటలకు నా మంచముకడకు వచ్చి దుప్పటి లాగుట దాని కలవాటయ్యెను. పరీక్షపత్రములు మిగిలియున్నవని దానితో జెప్పి యేమి ప్రయోజనము? నాటనుండి నేను నడక తప్పిన దినములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మందులు మానలేదు గాని, చక్కెర యదుపులో నున్నది.

మనకొఱకు మనము చేసికొన్న నిశ్చయమును భంగపఱచుకొన్నపుడు మనలను మనమే సులభముగా క్షమించుకొందుము. మనలను నమ్మి వాకిటివైపు జూచుచున్న ప్రాణిని నిరాశపఱచుట కంత సులభముగా మన సొప్పదు. ఇది నా యొక్కని యనుభవము గాదు. ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయమువారు 385 కుటుంబములను విచారించి 2019వ సంవత్సరమున బ్రకటించిన పరిశోధనలో, తగినంత వ్యాయామము చేయువారుగా నుండు నవకాశము కుక్కను బెంచువారికి దక్కినవారికంటె సుమారు నాలుగురెట్లని తేలినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బ్రకటించిన నియమముల ప్రకారము పెద్దలకు వారమునకు 150 నిమిషములకు దక్కువగాక మధ్యరకపు శ్రమయు, 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమయు గావలయును. ఉదయ సాయంకాలముల నరగంట చొప్పున వడిగా నడచినచో వారమునకు 420 నిమిషము లగును. కుక్క ప్రతి స్తంభముకడను నిలిచి వాసన చూచును గదా, అది నడక యెట్లగునని కొంద ఱందురు. నిజమే. పోవునపుడు దాని యిష్టమునకు విడిచి, వచ్చునపుడు మన వడిని దానికి నేర్పవలయును.

అయితే కొన్ని మాటలు నిష్ఠురముగా జెప్పక తప్పదు. జాతికుక్కను గొని, గొలుసున గట్టి, పనివానిచే నడిపించువారికి గలుగు లాభమేమి? ఆ వ్యాయామము పనివానిది. మఱికొందఱు ముచ్చట తీరగానే కుక్కను వీథిపాలు చేయుదురు. అది పది పండ్రెండేండ్లు బ్రదుకు ప్రాణియే గాని వ్యాయామ యంత్రము గాదు. ఏటేట రేబిస్ టీకా వేయింపవలయును. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బుతో, పాఱు నీటితో 15 నిమిషములు కడిగి వెంటనే యాసుపత్రికి బోవలయును. వేసవిలో దారు రోడ్డుపై నఱచేతి వెనుకభాగ మానించి చూడుడు. మనము సహింపలేని వేడిని దాని పాదములును సహింపలేవు.

తలిదండ్రులారా! మీ పిల్లలు కుక్కపిల్ల కావలయునన్నపుడు వెంటనే కాదనకుడు, వెంటనే యౌననకుడు. మీ పేటలో గుక్కను బెంచుచు నడువలేని వృద్ధులు ఎవరో యొక రుందురు. ఆ కుక్కను నెలదినములు ప్రతియుదయమును నడిపించి రమ్మని మీ బాలుని బంపుడు. సెల్‌ఫోను నింట విడిచి, వానలోను బరీక్షల దినములలోను నడిపించెనా, వానికి గుక్క నిండు. ఆ నెలలో వాని కాళ్లకు బలమును, ఆ వృద్ధులకు సహాయమును, ఆ మూగప్రాణికి సంతోషమును గలుగును. కుక్క నిచ్చినను నీయకున్నను ఈ లాభము పోదు.