గుండె పక్కకు జరిగిందంటే ఏమిటి?

చంద్రపూర్ పక్కన మా దుర్గాపూర్‌లో బొగ్గుగని క్వార్టర్ల వైపు తెలుగిళ్లు చాలానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గేటు దాటితే మరాఠీ, డాక్టర్ దగ్గర ఇంగ్లిష్ కలిసిన హిందీ. కూరగాయలు కొనడానికి ఈ ఏర్పాటు సరిపోతుంది. కడుపులో బిడ్డ గుండె గురించి మాట్లాడాల్సి వస్తే సరిపోదు.

మా లైన్లో ఒక అక్కకి ఐదో నెల స్కానింగ్‌లో చెప్పింది ఒక్క ముక్క: హార్ట్ కుడివైపు జరిగింది, డయాఫ్రమాటిక్ హెర్నియా. ఇంటికొచ్చేసరికి అది గుండెజబ్బయింది. సాయంత్రానికి గ్రహణం నాడు బయట తిరిగిన ఫలితమైంది. నీళ్ల బిందెలు మోసింది కదా అని ఇంకొకరు.

అసలు సంగతి వేరు. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా పలచని కండ ఒకటుంటుంది. మన సైన్సు పుస్తకాల్లో విభాజక పటలం, మరాఠీలో శ్వాసపటల్. (నాకు మరాఠీ మాటే నచ్చింది, ఊపిరి పేరులోనే ఉంది. మేడమ్‌లు క్షమించాలి.) గర్భం తొలి మూడు నెలల్లోనే అది పూర్తిగా మూసుకోవాలి. సుమారు 3,000 కాన్పుల్లో ఒక బిడ్డకు మూసుకోదు, ఎక్కువగా ఎడమవైపు. ఆ సందులోంచి పేగులు, ఒక్కోసారి జీర్ణాశయం, కాలేయం పైకెక్కి గుండెను కుడికి నెట్టేస్తాయి. ఊపిరితిత్తులు సరిగా పెరగవు. గుండె ఎడమ గదులకు చోటూ తక్కువే, వచ్చే రక్తమూ తక్కువే, అందుకే చిన్నగా ఉండిపోతాయి. పుట్టాక కుడి గది ఆ ఇరుకు ఊపిరితిత్తుల్లోకి రక్తాన్ని తోయలేక అలిసిపోతుంది. కొందరికి గుండెలో చిల్లు కూడా ఉంటుంది. కాబట్టి సందు కుట్టేస్తే అయిపోదు. ఒకప్పుడు పుట్టగానే ఆపరేషన్‌కు పరుగెత్తేవారు. ఇప్పుడు ఊపిరి, గుండె కాస్త కుదుటపడేదాకా ఆగుతున్నారు.

ఇదంతా తల్లికెందుకు అంటారా? ఊపిరి తీయని బిడ్డకు మాస్కు పెట్టి గాలి కొట్టడం మామూలు. ఈ బిడ్డకు ఆ గాలి పేగుల్లోకీ పోతుంది, అవి ఉబ్బి ఊపిరితిత్తుల్ని ఇంకా నొక్కుతాయి. నేరుగా శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి. అంటే కాన్పు ఎక్కడన్నది ముందే తేలాలి. పసిపిల్లల ఆపరేషన్లంటే మావాళ్లు చూసేది నాగపూర్ వైపు, దాదాపు 150 కిలోమీటర్లు. నొప్పులొచ్చాక బయల్దేరే దూరం కాదు.

స్కానింగ్ అనగానే మనవాళ్లకు ఆడా మగా అన్నదే గుర్తొస్తుంది. 1994 చట్టం చెప్పొద్దన్నది ఆ ఒక్క మాటే. గుండె సంగతి చెప్పొచ్చు, చెప్పాలి, కూర్చోబెట్టి, ఆమె భాషలో. టైం లేదంటారు. బయట అంత పెద్ద లైనున్న డాక్టర్‌కు నిజంగానే ఉండదు. మరి నర్సు ఉంది, ఆశా కార్యకర్త ఉంది, రెండు భాషలూ వచ్చిన మాలాంటి అమ్మాయిలున్నారు. ఒక్క పేజీ డాక్టర్ చెబితే మేం రాయలేమా?

అందులో మొదటి వాక్యం ఇలా ఉండాలి: దీనికి కారణం చాలాసార్లు తెలియదు, కానీ గ్రహణం కాదు, బిందె కాదు, నువ్వు కాదు. తర్వాత ఆమె అడగాల్సిన ప్రశ్నలు: బిడ్డ గుండెకు విడిగా ఎకో ఎప్పుడు తీస్తారు? కాన్పు ఏ ఊళ్లో? పుట్టగానే ఎవరుంటారు? విభాజక పటలం అనే రాయాలా అన్నది క్లాసులో తేల్చుకుందాం. నేనైతే ఊపిరితెర అని రాస్తా.