కొవ్వు పూసిన గుడ్డముక్క చెప్పు చరిత్ర

రామ్‌జీ గోండు పేరు వినినంతనే నిర్మల్‌లోని వెయ్యి ఉరుల మర్రి మన మనస్సున మెదలును. కాని 1857లో ఉత్తర భారతమున రగిలి, 1860 నాటికి గోదావరీతీరపు అడవులలో గోండులను, రోహిల్లాలను ఒక్కటి చేసిన ఆ మహాసంక్షోభమునకు తక్షణ నిమిత్తమైన కొవ్వును తూటాకు అసలు ఎందులకు పూసిరో మన పిల్లలకు చెప్పువారు అరుదు. ఈ కొఱత తీరవలెను.

తూటాను వెనుకనుండి పెట్టు తుపాకులు రాకమునుపు మందును, గుండును గొట్టపు మూతినుండియే దట్టించెడివారు. లోపల మెలికలు తిరిగిన గాళ్లు గల తుపాకికి గొట్టముకంటె ఇసుమంత చిన్న గుండును పోతపోసి, కొవ్వుగాని తేనెమైనముగాని నూనెగాని పట్టించిన గుడ్డముక్కలో చుట్టి, కడ్డీతో లోనికి కూరెడివారు. ఆ గుడ్డ గాళ్లను నింపి గుండునకు భ్రమణము నిచ్చును. మండిన వాయువును ప్రక్కలనుండి జారనీయదు. సురేకారము, బొగ్గు, గంధకము కలిసిన తుపాకిమందు కాలగా మిగిలిన మసిని మెత్తపఱచి, తరువాతి గుండునకు దారి చేయును. జిడ్డు చాలనిచో గుడ్డ మాడి చిరుగును. మితిమీరినచో మందులోనికి ఊరి దాని సత్తువను హరించును. కావుననే జిడ్డు పట్టించిన గుడ్డముక్కలను దుమ్ము సోకకుండ వెంట మోసికొనిపోవుట వేటగానికిని సైనికునికిని నిత్యకృత్యమై యుండెను. 1800 ప్రాంతమున ఆంగ్లసైన్యమున ప్రవేశించిన బేకర్ రైఫిల్ మడమలో ఇత్తడి మూతతో ఒక చిన్న అరయే అమర్చబడెను.

గుడ్డకు మారుగా కాగితము వచ్చినను జిడ్డుతోడి అవసరము తీరలేదు. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాలో గుండున్న కొనకు కొవ్వు పూసి, మందున్న కొనను పండ్లతో చింపుమని కవాతు నేర్పిరి. అది ఆవు కొవ్వనియు, పంది కొవ్వనియు 1857 జనవరిలో డమ్‌డమ్‌లో వదంతి పుట్టిన పిదప, సిపాయిలు తమకు సమ్మతమైన జిడ్డును తామే పూసికొనవచ్చుననియు, చేతితోనే చింపవచ్చుననియు అధికారులు సడలించిరి. కాని విశ్వాసము అప్పటికే చెదరిపోయినది. మే 10న మీరట్ భగ్గుమనెను. తుపాకి పనితీరు తెలియని విద్యార్థికి ఇదంతయు మూఢభక్తుల ఆవేశముగ తోచును. తెలిసినవానికి మాత్రము, మైనముతోను నూనెతోను సులభముగ తీరదగిన చిన్న అవసరమును ప్రజల మనస్సు నెఱుగని ప్రభుత్వము ఎంతటి అనర్థముగ పెంచుకొనెనో తేటపడును.

ఈ విషయము చెప్పుటకు మన ప్రాంతముకంటె తగిన తావు లేదు. నిర్మల్‌లో నిజాముల కాలమున ఫిరంగులు పోతపోసిరి. ఆ సమీపముననే, నేటి నిజామాబాదు జిల్లాకు చెందిన కోనసముద్రములో, పారశీక వర్తకులు దూరదేశమునుండి వచ్చి కొనుకొన్న ఉక్కు తయారయ్యెడిది; ఆ పద్ధతిని డాక్టర్ వోయ్సీ వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. 1940లో పోరాడి నేలకొరిగిన కొమురం భీముని స్మృతికి జోడేఘాట్‌లో ప్రదర్శనశాల వెలసినది. అట్టిదే నిర్మల్ కోటలలో ఒకదానియందు వెలసి, లోహము, మందు, గుండు, గుడ్డ, కొవ్వు ఒకదానితో నొకటి ఎట్లు పనిచేసెనో బడిపిల్లలు కన్నులార చూచి గ్రహించునట్లు చేయుట మన విధి.

ఇట్టి బోధ అడవిలో నాటు తుపాకుల వేటను ప్రోత్సహించునని కొందఱు శంకింపవచ్చును. 1972 వన్యప్రాణి చట్టమును, 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాలును గౌరవించుటలో నేనెవ్వరికిని తీసిపోను. పంటరక్షణకై మూతినుండి దట్టించు తుపాకికి 1959 ఆయుధచట్టము నేటికిని లైసెన్సు నిచ్చుచున్నది. కనుక ఈ తుపాకి పూర్తిగా గతించినదికాదు. ప్రదర్శనశాలలో కోరునది ప్రేలు తుపాకి కాదు, దాని పనితీరు తెలుపు జ్ఞానము. వీరుల శౌర్యమును కీర్తించి, వారి కాలపు సాధనములను మరచుట సగము చరిత్రయే యగును. పురావస్తు శాఖవారును, నిర్మల్, ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల ఉపాధ్యాయులును ఈ మిగిలిన సగమును పిల్లల కందింప పూనుకొనవలెనని నా వినతి.