చేతులు కావు, పిల్లలు



పద్యాలూ ప్రబంధాలూ తప్ప మరొకటి ఎరుగని ఈ పుటలో బేస్‌బాల్ ప్రసక్తి ఏమిటని మీరు కనుబొమలు ముడివేయవచ్చు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో సంధులూ సమాసాలూ చెప్పి బ్రతికినవాణ్ణి. బంతాటల మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే నేను ఇక్కడ పట్టుకున్నది ఆటను కాదు, ఆ ఆటను గూర్చి అభిమానులు ఆడే ఒక మాటను. మాట విషయంలో మాత్రం ముసలి పండితుడికి నోరు చేసుకునే హక్కు కొంత ఉంటుంది.

2025 చివరి మాసాలలో ఆస్టిన్ నగరంలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. వాడు అక్కడి టెక్సాస్ విశ్వవిద్యాలయంలోనే పై చదువు చదివాడు. చదువు ముగిసి ఉద్యోగంలో స్థిరపడినా కళాశాల జట్టు మీది మమకారం మాత్రం వదల్లేదు. అక్కడ కళాశాలల బేస్‌బాల్ ఫిబ్రవరి నడుమ మొదలవుతుంది. చలికాలమంతా అభిమానులకు రాబోయే సీజను తలపోతే. మన ఊళ్లలో తొలకరి కోసం రైతు ఆకాశం వంక చూచినట్లు వాళ్లు ఫిబ్రవరి వంక చూస్తారు.

ఆ చూపులో ఆశ ఎంత ఉందో గాయమూ అంతే ఉంది. టెక్సాస్ జట్టు ఆరుసార్లు జాతీయ విజేత: 1949, 1950, 1975, 1983, 2002, 2005. ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచాయి. 2024 జులైలో విశ్వవిద్యాలయం ఆగ్నేయ రాష్ట్రాల సమాఖ్యలో చేరింది. కళాశాల బేస్‌బాల్‌లో అంతకన్న గట్టి సమాఖ్య లేదని అక్కడివారి నమ్మకం. చేరిన తొలి ఏడే, 2025లో, జట్టు ఆ సమాఖ్యలో ప్రథమ స్థానం సంపాదించింది. తీరా జాతీయ పోటీల మొదటి మెట్టు మీద, సొంత మైదానంలో, పొరుగున ఉన్న శాన్ ఆంటోనియో జట్టు చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. అంతటి ఊరింపు తర్వాత అంతటి భంగపాటు! ఆ శీతకాలపు నిరీక్షణ ఎంత తీవ్రమైనదో మీరే ఊహించుకోండి.

శనివారం సాయంత్రాలు మా అబ్బాయి స్నేహితులు మూలింటి అమెరికను పెద్దాయనతో కలిసి మా గరాజులో కాఫీ త్రాగుతూ లెక్కలు వేసేవారు. పెద్దాయన నలభై ఏళ్లుగా ఆ మైదానంలో కూర్చుంటున్నవాడు. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ ఏడు మనకెన్ని చేతులున్నాయి?"

నిజం చెబుతున్నాను, తొలిసారి విన్నప్పుడు నాకు కార్తవీర్యార్జునుడు గుర్తుకు వచ్చాడు. తరువాత అర్థమైంది. బంతి విసిరేవాణ్ణి వాళ్లు పిచ్చరు అంటారు. కాని లెక్క వేసేటప్పుడు అతడు మనిషి కాడు, ఒక చేయి. "ఎడమచేతులు మూడున్నాయి." "వేరే కళాశాల నుంచి రెండు చేతులు తెచ్చుకున్నాం." "ఒక చేయి కోత వేయించుకుంది, ఏడాది దాకా పనికిరాదు." బంతిని కొట్టేవాడు ఒక బ్యాటు. డిలన్ వొలాంటిస్ అనే ఎడమచేతి పిల్లవాడు 2025లో, మొదటి సంవత్సరం చదువుతూనే, ఆట చివరలో దిగి గెలుపు నిలబెట్టే పని చేశాడు. అతణ్ణి ఇకమీదట ఆట మొదటినుంచీ వేయించాలా, చివరికే దాచుకోవాలా అని గంటల తరబడి తర్కం. "ఆ చేతిని చివరకు దాచడం వృథా" అంటాడొకడు. "ఆ చేతిని ముందే అరగదీస్తే జూను నాటికి మనకేం మిగులుతుంది?" అంటాడు మరొకడు. ఇద్దరూ ఆ పిల్లవాణ్ణి ప్రేమించేవారే. ఇద్దరి మాటలలోనూ ఆ పిల్లవాడు లేడు.

ఇది లక్షణావృత్తి కదా, ఇందులో తప్పేమిటి అని మీలో శాస్త్రం చదివినవారు అడగవచ్చు. నిజమే. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని కదా అర్థం. మన ఇళ్లలోనూ తినే నోళ్లు ఎక్కువ, పనిచేసే చేతులు తక్కువ అంటాం. కాని ఒక్కటి గమనించండి. లక్షణలో చెప్పిన మాట వెంట చెప్పని అర్థం మనస్సులో మెదలుతూ ఉండాలి. మెదలడం మానిన నాడు అది అలంకారం కాదు, మరపు. చేయి అన్నప్పుడు ఆ చేయి గల పిల్లవాడు తలపుకు రాకపోతే, ఆ మాట పనిముట్ల పట్టికలోకి దిగిపోయినట్లే.

ఆ మరపు ఎవరి ఒంటి మీద పడుతున్నదో చెబుతాను. క్రికెట్టులో బౌలరు చేయి చాచి వేస్తాడు. బేస్‌బాల్ పిచ్చరు మోచేయి మడిచి విసురుతాడు. ఆ విసురుకు మోచేతి లోపలివైపున ఎముకకూ ఎముకకూ ముడివేసే పట్టీ మీద భారం పడుతుంది. దాన్ని సంధిబంధనం అంటారు. జన్మంతా సంధులు చెప్పిన నాకు ఈ సంధి విషయం డెబ్బయ్యవ పడికి చేరువలో తెలిసింది. అది తెగితే, 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే ఆటగాడికి తొలిసారి చేసిన శస్త్రచికిత్సే గతి: శరీరంలో మరొక చోటి నుంచి స్నాయువు తెచ్చి మోచేతిలో అల్లుతారు. తిరిగి ఆడటానికి ఏడాది, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర. టామీ జాన్ 1976లో తిరిగివచ్చి 1989 దాకా ఆడాడు. ఆ ఒక్క కథ చెప్పుకుని అభిమానులు కోతను సాన పట్టించడంగా భావిస్తున్నారు. "కోత అయితే ఇంకా గట్టిగా వేస్తాడు" అన్న మాట గరాజులో నా చెవులారా విన్నాను. వైద్యులెవరూ అలా చెప్పరు. వేగం కోసం ప్రతి బంతినీ శక్తినంతా కూడగట్టి విసరడమే ఈ గాయాలు పెరగడానికి పెద్ద కారణమని వృత్తి బేస్‌బాల్ సంస్థే 2024 డిసెంబరు నాటి నివేదికలో ఒప్పుకున్నది.

ఇప్పుడు అసలు విడ్డూరం వినండి. పన్నెండేళ్ల పిల్లలు ఆడే లిటిల్ లీగ్‌లో ఒక రోజు 85 బంతులు మించరాదని నిబంధన ఉంది. లెక్క పెట్టే పద్ధతి 2007 నుంచీ అమలులో ఉంది. పదిహేడు పద్దెనిమిదేళ్లవారికి 105. ఉన్నత పాఠశాలలలోనూ 2017 నుంచి ప్రతి రాష్ట్రం బంతుల లెక్కతో కూడిన పరిమితి పెట్టుకోవలసివచ్చింది. ఆ పిల్లవాడే కళాశాల గడప దాటగానే ఆ అంకె మాయమవుతుంది! కళాశాలల బేస్‌బాల్‌లో బంతులకు పరిమితి లేదు. అంతా శిక్షకుడి విజ్ఞత. ఆ విజ్ఞత వెనుక నిలబడి కేకలు వేసేది ఎవరు? అభిమానులు.

ఆ కేకల వెల ఎంతో 2009 మే 30న ఆస్టిన్‌లోనే తేలింది. డిష్-ఫాక్ మైదానంలో టెక్సాస్, బోస్టన్ కాలేజ్ జట్ల మధ్య ఆట 25 ఇన్నింగ్సులు, ఏడు గంటలకు పైగా సాగి, అర్ధరాత్రి దాటిన తర్వాత 3-2తో టెక్సాస్ గెలుపుగా ముగిసింది. మామూలు ఆట తొమ్మిది ఇన్నింగ్సులని గుర్తుంచుకోండి. మధ్యలో దిగిన ఆస్టిన్ వుడ్ అనే విద్యార్థి పదమూడు ఇన్నింగ్సులు, 169 బంతులు వేశాడు. ఎదుటి జట్టులో మైక్ బెల్ఫియోర్ 129 బంతులు వేశాడు. బెల్ఫియోర్ 2013లో ఒకే ఒక్క ఆటకు పై స్థాయిలో కనిపించాడు. వుడ్ అక్కడిదాకా చేరనే లేదు. ఆ ఒక్క రాత్రే వారి రాతను మార్చిందని నేననను. అనడానికి నాకు ఆధారం లేదు. కాని ఆ రాత్రిని మా పెద్దాయన వర్ణించేటప్పుడు ఆయన కళ్లలో వెలుగు చూచాను. "అలాంటి చేయి మళ్లీ రాలేదు" అన్నాడు. "ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగాను. ఆయన కాఫీ కప్పు వంక చూస్తూ ఊరుకున్నాడు.

పోటీల అమరిక కూడా ఇందుకు తగినట్లే ఉంది. 64 జట్లను పదహారు చోట్ల నాలుగేసి చొప్పున కూర్చి, రెండుసార్లు ఓడినవారిని ఇంటికి పంపుతారు. మొదటి ఆట ఓడిన జట్టు పైకి రావాలంటే నాలుగు రోజులలో అయిదు ఆటలు ఆడి, మిగిలిన నాలుగూ గెలవాలి. పిచ్చర్లు సరిపోరు. అప్పుడు శుక్రవారం వేసినవాడే ఆదివారం మళ్లీ దిగుతాడు. అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

నా మాటకు మూడు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది: "వాళ్లకు ఇప్పుడు డబ్బు ఇస్తున్నారుగా!" ఒకప్పుడు జట్టు మొత్తానికి 11.7 ఉపకారవేతనాలే ఉండేవి. వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2021లో తమ పేరు మీద తాము సంపాదించుకునే వీలు కలిగింది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. ఆ ఒప్పందంలో చేరినచోట జట్టుకు 34 మందే. ఇవన్నీ న్యాయమైన మార్పులే. కాని కూలి ఇచ్చినంత మాత్రాన కూలివాడి చేయి యజమాని సొత్తవుతుందా? గనిలో దిగేవాడికీ జీతమిస్తారు, తలకు టోపీ కూడా ఇస్తారు. ఇక్కడ జీతం వచ్చింది కాని టోపీ రాలేదు. పైగా ఆ డబ్బు అందరికీ సమానంగా అందేది కాదు. సంధిబంధనం మాత్రం అందరికీ ఒకలాగే తెగుతుంది.

రెండవది: "ఆ పిల్లలే వేస్తామంటారు." అంటారు, నిజమే. ఏకలవ్యుడూ ఇష్టపడే ఇచ్చాడు బొటనవ్రేలు. ఇచ్చినవాడి ఇష్టం అడిగినవాడి దోషాన్ని కడగదు. యుగాలుగా ద్రోణుణ్ణి తప్పుపడుతున్న మనకు ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడవది మా అబ్బాయి అన్నది: "నాన్నగారూ, మేం చూసేవాళ్లమే. నిర్ణయం కోచ్‌ది. మా చేతిలో ఏముంది?"

దీనికి జవాబు నా బ్రతుకులోనే ఉంది. 1994లో మా పాఠశాల వాలీబాల్ జట్టు జిల్లా పోటీల తుది ఆటకు చేరింది. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు స్మాష్ కొడితే ఎదుటివారు తలలు వంచుకునేవారు. ఆనాటి ఉదయం వాడు డ్రిల్లు మాస్టారితో "భుజం లాగుతోంది మాస్టారూ" అనడం నేను విన్నాను. విని ఏం చేశాను? పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి వాడి భుజబలం మీద ఆశువుగా ఒక సీసం చెప్పాను. భీముడితో పోల్చాను. అందరూ చప్పట్లు చరిచారు. ఆ పద్యం తన మీద విన్న పిల్లవాడు ఇక ఆడలేనని ఎలా అంటాడు? ఆడాడు. గెలిచాం. షీల్డు ప్రధానోపాధ్యాయుల గది బీరువా ఎక్కింది. వాడి చేయి మాత్రం ఆ తర్వాత భుజం పైకి లేవలేదు. కొన్నేళ్లకు పొగాకు బ్యారన్ దగ్గర కనిపించాడు. తోటివారు ఆకు కట్టిన కర్రలు పైకి అందిస్తుంటే వాడు క్రింద కూర్చుని ఆకు ఏరుతున్నాడు. నన్ను చూచి లేచి నిలబడి, "ఆ పద్యం నాకింకా నోటికి వచ్చు మాస్టారూ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, సంతోషంగా. నా జన్మలో అంతటి శిక్ష మరొకటి పడలేదు.

నిర్ణయం డ్రిల్లు మాస్టారిది. నేను చూసేవాణ్ణే. కాని వద్దు అనే మాటను ఆ పిల్లవాడి నోట నొక్కివేసింది నా పద్యం. పొగడ్త పట్టు కప్పిన కొరడా. అభిమాని చేతిలో ఏమీ లేదనేవారికి ఇదే నా సమాధానం.

ఆశపడటం మానండని నేననడంలేదు. రాబోయే సీజను కోసం ఎదురుచూడటం ఎంత చక్కని సంగతో ఆ గరాజులోనే తెలుసుకున్నాను. తమ కళాశాల జట్టు కోసం అరవై ఏళ్ల మనిషీ ఇరవై ఏళ్ల కుర్రవాడూ ఒకే బల్ల దగ్గర వాదించుకోవడం మన కళాశాలల చుట్టూ నేను చూడలేదు, అసూయపడ్డాను కూడా. నేను కోరేవి మూడే. శిక్షకుడు అలసిన పిచ్చరును వెనక్కు పిలిచినప్పుడు గేలి చేయకండి. గెలిచినప్పటికన్న గట్టిగా చప్పట్లు కొట్టండి. పన్నెండేళ్లవాడికి ఉన్న బంతుల పరిమితి ఇరవై ఏళ్లవాడికి ఎందుకు లేదని, టికెట్టు కొనే హక్కుతో, మీ విశ్వవిద్యాలయాన్ని అడగండి. చివరిది, ఇది పండితుడి చాదస్తమే అనుకోండి: చలికాలపు లెక్కలలో చేతులను కాక పేర్లను లెక్కపెట్టండి. పేరు పెట్టి పిలిచినవాణ్ణి అరగదీయడం కొంచెం కష్టం.

నేను తిరుగు ప్రయాణం కావడానికి ముందు చివరి శనివారం, పెద్దాయన అలవాటుగా "మనకెన్ని చేతులు" అని మొదలుపెట్టి, నా వంక చూచి ఆగిపోయాడు. తర్వాత ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ పోయాడు. రెండు పేర్లు మరచిపోతే మా అబ్బాయి అందించాడు. ఆ సాయంత్రం లెక్క తేలడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్రాయండి. డబ్బు తీసుకుంటున్నారుగా అన్న ఒక్క మాట మాత్రం తిరిగి తీసుకురాకండి.

సెలవు.