నీళ్లు కాగాలా... ఫ్యాను తిరగాలా?

డాబా మీద కాసే ఎండతో నీళ్లూ కాచుకోవచ్చు, కరెంటూ తీసుకోవచ్చు. రెండింటిలో ఒక్కదానికే డబ్బుంటే? సన్న ఖద్దరుకు పేరుపడ్డ మన పొందూరులో ఏది మేలు?

ఎండను ఒడిసిపట్టడంలో సోలార్ హీటరుదే పైచేయి. సగానికి సగం వేడి నీళ్లకు చేరుతుంది. ప్యానెల్స్ కరెంటుగా మార్చేది అయిదో వంతే. కానీ ఇక్కడ చాలా ఇళ్లలో వేడినీళ్లు కావాల్సింది చలికాలంలోనే. ఫ్యాను మాత్రం దాదాపు ఏడాదంతా తిరగాలి! పైగా వాడగా మిగిలిన కరెంటు నెట్ మీటరు ద్వారా లైనులోకి వెళ్లి బిల్లు తగ్గిస్తుంది. మిగిలిన వేడినీళ్లను ఎవరు తీసుకుంటారు?

కిలోవాటుకు నీడపడని వంద చదరపు అడుగుల చోటు కావాలి. రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించారు.

ఒక్కటి మరవొద్దు. లైనులో కరెంటు పోతే బ్యాటరీ లేని ప్యానెల్సూ ఆగిపోతాయి. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఈ ఏర్పాటు. 2018 నాటి తిత్లీ లాంటి తుపాను వస్తే, మర్నాడు ఎండ కాసినా ఫ్యాను తిరగదన్నమాట. అందుకే కొనేముందే బ్యాటరీ సంగతి, గాలికి తట్టుకునే బిగింపుల సంగతి గట్టిగా అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉండి రోజూ వేడినీళ్లు కావాలంటారా... మీకు హీటరే నయం!