నిగనిగల తెరను నమ్మవచ్చునా?

కామారెడ్డిలో, నిజాంసాగర్ చౌరస్తాకు దగ్గరలోనే ఒక దుకాణంలో రెండు ల్యాప్‌టాపులు పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకదాని తెర అద్దంలా నిగనిగలాడుతున్నది. దాంట్లో నెమలి బొమ్మ పెట్టి ఉంచారు; ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చును. రెండవదాని తెర ఆరిన పలకలాగ ఏ మెరుపూ లేకుండా ఉన్నది. బాపు చూపు మొదటి దాని మీదనే నిలిచింది. నిజం చెప్పాలంటే నాదీ అంతే. మక్కలమ్మిన పైసలు లెక్కపెట్టి ఇచ్చి, ఆ నిగనిగలాడేదాన్నే పట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కినాము.

తెర గ్లాసీదా, మ్యాట్‌దా అన్నది ఏదో సోకుల ముచ్చట అని చాలామంది అనుకొంటారు, చొక్కా కొనేటప్పుడు గళ్ళదా చారలదా అన్నట్లు. సినిమా చూసుకొనేవానికి, నోట్సు రాసుకొనేవానికి అది అంతే కావచ్చును. కాని పెండ్లిళ్ల సీజనులో స్టూడియోలకు ఆల్బం పేజీలు దిద్దిపెట్టి పరీక్ష ఫీజు మందం సంపాదించుకొనే విద్యార్థులు మనలో లేకపోలేదు. నేనూ వారిలో ఒకణ్ణి. అటువంటి మిత్రులకు నా సలహా దాపరికం లేకుండా చెబుతాను: మ్యాట్ తెర కొనండి. కారణం తెరలో కంటె మనం కూర్చునే చోటులో ఎక్కువగా ఉన్నది.

మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. ఇంట్లో నేను పని చేసే చోటు తలుపు ముందరి జాగ, వాకిలికి వీపు పెట్టి. అక్కడైతేనే గాలి వస్తుంది, ఫోను సిగ్నలూ వస్తుంది. మా మేనత్త కొడుకు పెండ్లి ఎల్లారెడ్డిలో జరిగినప్పుడు ఆ ఆల్బం పని నాకే అప్పజెప్పారు. సగం పేజీలు పగటిపూట ఆ తలుపు ముందర దిద్దినాను. మిగతా సగం రాత్రి, లైటు ఆర్పి, తెర వెలుగు నిండా పెంచుకొని దిద్దినాను. ఆల్బం అచ్చయి వచ్చినాక చూస్తే, ఒకే పెండ్లి రెండు ఊళ్ళలో జరిగినట్లున్నది! పగలు దిద్దినవి పాలిపోయినవి. రాత్రి దిద్దినవి నల్లబడినవి. తలంబ్రాల పేజీలో పెండ్లికూతురు జుట్టు బూడిద రంగు. అప్పగింతల పేజీలో పట్టుచీర అంచు చీకట్లో కలిసిపోయింది. మేనత్త గనుక ఊకున్నది, బయటివారైతే పైసలు కోసేవారు.

బి.యస్సీ.లో ఆప్టిక్స్ చదివినవాణ్ణి, ఈ లెక్క నాకు ముందే తట్టవలసింది. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5. గాలిలోనుంచి తిన్నగా వచ్చి పడిన కాంతిలో 4 శాతం ఆ పైపొర మీదనుంచే వెనక్కు మళ్ళుతుంది. నాలుగు శాతమే గదా అనిపిస్తుంది. నా వెనుక వాకిట్లో, నీడపట్టున ఉన్న సున్నపు గోడ వెలుగు చదరపు మీటరుకు 300 క్యాండెలాలు అనుకొందాము. అందులో 4 శాతమంటే 12. తెర తన తెలుపులో 300, తన నలుపులో 0.3 చూపగలదనుకొంటే, తెలుపు నలుపుకు వెయ్యింతలు. ఆ రెండింటికీ గోడ తాలూకు 12 కలపండి. 312ని 12.3తో భాగిస్తే వచ్చేది 25! వెయ్యి రెట్ల తేడాకు డబ్బు పెట్టి, పాతిక రెట్ల తేడాతో పని చేసినానన్నమాట. ఎండ పడిన గోడైతే ఇక చెప్పనక్కరలేదు. ఆ వెలుగులో నల్ల జుట్టులోని పాయలు కనబడవు. కనబడటం లేదని నేను నీడలను పైకెత్తినాను. ఫైలులో జుట్టు బాగానే ఉన్నది. మబ్బు ఉన్నది నా తెర మీద. మందు మాత్రం ఫైలుకు వేసినాను.

రాత్రి పని దీనికి తలకిందులు. చీకటి గదిలో నిండు వెలుగు తెర కండ్లకు జిగేలుమంటుంది గనుక అన్నిటినీ తగ్గిస్తూ పోయినాను. ఈ తప్పు ఏ తెరతోనైనా చేయవచ్చును. అచ్చు కోసం దిద్దేవారు తెర వెలుగును 120 క్యాండెలాలకు అటూ ఇటూగా ఉంచుకోవడం ఆనవాయితీ అని నాకు తరువాత తెలిసింది.

మ్యాట్ తెర ఆ 4 శాతాన్ని మింగివేస్తుందా? లేదు. 'దీంట్లో రిఫ్లెక్షనే ఉండదు' అనే దుకాణపు మాట వట్టిది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను పొద్దుగూకే వేళ చూసినవారికి ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. గాలి లేనప్పుడు నీళ్ళలో సూర్యుడు ఒక్క ముద్దగా నిలబడి కండ్లలో పొడుస్తాడు. గాలి వీచి అలలు లేస్తే అదే వెలుగు ముక్కలై నీళ్ళంతటా పరచుకొంటుంది. మ్యాట్ తెర మీది సన్నని గరుకు చేసే పని అదే. అందువల్ల నలుపు కొంచెం పలుచనవుతుంది. కొన్నిట్లో తెల్లని భాగాల మీద ఇసుక చల్లినట్లు రవ్వలు కూడా కనిపిస్తాయి. కాని ఆ లోపం తెరంతటా దాదాపు ఒక్క తీరుగా ఉంటుంది, కన్ను దానికి అలవాటు పడుతుంది. నిగనిగల తెరలోనో, ఒక మూల తలుపు, నడుమ నా తెల్లచొక్కా, ఇంకో పక్క పొద్దు కదిలినకొద్దీ కదిలే వెలుగు. దీనికి కన్ను ఎట్లా అలవాటు పడాలి?

హాస్టలు మిత్రుడొకడు నాతో వాదానికి దిగినాడు. గది చీకటి చేసుకొని, గోడలకు బూడిద రంగు వేసుకొని, నల్లచొక్కా తొడుక్కొని కూర్చుంటే గ్లాసీని మించింది లేదంటాడు. ఒప్పుకొంటాను. ఖరీదైన కొన్ని గ్లాసీ తెరలకు కళ్ళద్దాలకు వేసినట్లే పలుచని పూతలు వేసి, వెనక్కు మళ్ళే కాంతిని వ్యతికరణంతో తగ్గిస్తారు. అటువంటి పూత మందం రమారమి 100 నానోమీటర్లు. న్యూటన్ వలయాల పాఠం విన్నవారికి ఇందులో వింత లేదు. అన్నీ నిజమే. కాని నలుగురు కలిసి ఉండే రూములో, నెత్తిమీద ట్యూబులైటు పెట్టుకొని, గోడలకు బూడిద రంగు ఎవడు వేయనిస్తాడయ్యా?

అచ్చు సంగతి కూడా ఉన్నది. మెరుపులేని ఆల్బం కాగితం మీద ఎంత నల్లటి సిరా అయినా, పడిన వెలుగులో రెండు మూడు శాతాన్ని తిప్పి పంపుతూనే ఉంటుంది. తెర మీద చూసి మురిసిన నలుపు ఆ కాగితానికి రానే రాదు. (మెరుపు మీద మోజు ఈనాటిది కాదనుకోండి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలపు అల్బుమెన్ కాగితానికి ఆ నునుపు కోడిగుడ్డు తెల్లసొనతో వచ్చేది.)

ఒక్క హెచ్చరిక. మ్యాట్ అని వినగానే ఎగబడకండి. తక్కువ ధర మ్యాట్ తెరల వివరాలలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని సన్నక్షరాలలో ఉంటుంది. అంటే అందరూ కొలబద్దగా వాడుతున్న ఎస్‌ఆర్‌జీబీ రంగులలో మూడింట రెండు వంతులు కూడా పూర్తిగా చూపలేదని అర్థం. దాని మీద పసుపూ, కుంకుమా రెండూ వెలవెలబోతాయి. 'వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని ఉన్నదా, ఐపీఎస్ ప్యానెలేనా అని అడిగి కొనండి. రంగు సరిగా లేని మ్యాట్‌కూ రంగు సరైన గ్లాసీకీ మధ్యనే ఎన్నుకోవలసి వస్తే, నేను గ్లాసీ తీసుకొని కూర్చునే చోటు మార్చుకొంటాను. మార్చుకొన్నాను కూడా. కొన్నదాన్ని అమ్మితే సగం ధర రాదు గనుక, ఇప్పుడు నా వీపు వెనుక తలుపుకు మా తాత నల్ల గొంగడి కట్టి పని చేస్తున్నాను. ఉక్కపోస్తుంది, కాని వెలుగును తాగడంలో గొంగడిని మించింది నాకు దొరకలేదు.

ఇంత పట్టుదలగా రాయడానికి ఆల్బం ఒక్కటే కారణం కాదు. ఆ పెండ్లి అయిన ఏడాదే మా బాపమ్మ పోయింది. పటం కట్టించడానికి ఆమె ఫొటోలలో సరైనది ఆ పెండ్లిలోదే, పందిట్లో కుర్చీ మీద కూర్చున్నది. నేను తలుపు ముందర దిద్దిన ఫైలునుంచే పెద్దది చేయించి తెచ్చినాను. బాపు చూసి, "గీమె ఎవరురా? మా అవ్వ గింత తెల్లగ ఎన్నడుండె?" అన్నాడు. నాట్లేసి, కలుపు తీసి నలుపెక్కిన మొగం ఆమెది. తెల్లగా చేయాలని నేను చేయలేదు. తెర మీద ఆమె మొగం కనబడక వెలుగు పెంచినాను. ముచ్చటకు మొగాలు తెల్లబరిచే స్టూడియోలంటే నాకు పడదు, తీరా నా చేతనే ఆ పని అయింది.

కామారెడ్డి వచ్చి, ఇంకొక మిత్రుని మ్యాట్ తెర మీద మొదటి ఫైలే మళ్ళీ తెరిచినాను. తెర వెలుగు తగ్గించి, ఆ మొగాన్ని దాదాపు ముట్టకుండా వదిలి, ముందు చిన్న ప్రింటు తీయించి, బయట పగటి వెలుగులో చూసుకొని, అప్పుడు పెద్దది చేయించినాను.

బాపు చాలాసేపు చూసినాడు. "ఎడమ చెవి కమ్మ జర వంకరున్నది గదరా" అన్నాడు. దాన్ని నేను ముట్టలేదు. పెండ్లినాడు ఆమె పెట్టుకొన్నదే అట్లా.