మార్చి చూడటం మరమ్మతు కాదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్లున్నవాళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. బండిలో ఏదో తేడా వస్తుంది. గ్యారేజీలో ఒక పార్టు పేరు చెబుతారు, మార్పిస్తాం. తేడా పోదు. మళ్లీ వెళితే ఇంకో పార్టు పేరు చెబుతారు. మొదటి పార్టుకి పోసిన డబ్బు సంగతేమిటని అడగబోతే, గ్యారేజీవాళ్ల కంటే ముందు మన పక్కనున్న మనిషే సర్దిచెబుతాడు: "పోనీలెండి, పాతది తీసి కొత్తదే కదా ఏసినారు, నష్టమేటి?"

ఆ మాట తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. జబ్బు తెలియకుండా పార్టు మార్చడం మరమ్మతు కాదు. కారు యజమాని డబ్బుతో చేసే ఊహ అది. ఊహ తప్పినప్పుడు ఆ ఖర్చు ఊహించినవాడు భరించాలి. ఇంత మామూలు న్యాయం మన దగ్గర మొండివాదంలా వినిపిస్తోందంటే, తప్పు గ్యారేజీల్లోనే కాదు, మన ఆలోచనలోనూ ఉంది.

ముందు ఆ "నష్టమేటి" సంగతి చూద్దాం. వేసవి వస్తే ఊరూరా వినిపించే మాట ఒకటుంది: "ఏసీలో గ్యాస్ అయిపోనాది బాబూ." గ్యాస్ ఎక్కిస్తారు, చల్లగా వస్తుంది, డబ్బిచ్చి వెళ్లిపోతాం. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట. కారు ఏసీ మూసి ఉన్న గొట్టాల వలయం. పెట్రోలు మండి ఖర్చయినట్టు ఆ గ్యాస్ ఖర్చు కాదు. చాలా ఏళ్ల మీద సీళ్ల దగ్గర కాస్త తగ్గితే తగ్గవచ్చుగానీ, ఏటా ఖాళీ అవుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు బంపరు వెనకాల ఉండే కండెన్సరుకి రాయి తగిలి ఉండవచ్చు, డాష్‌బోర్డు లోపలి కాయిల్‌ని తుప్పు తినేసి ఉండవచ్చు, ఒక ఓరింగు ఎండిపోయి ఉండవచ్చు. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి కొంతసేపు చూస్తే నిలుస్తోందో లేదో తెలుస్తుంది. ఆ పరీక్ష చేయకుండా గ్యాస్ ఎక్కించడమంటే లీకుని అలాగే వదిలేయడం. కంప్రెసరుకి కావాల్సిన నూనె ఆ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ పడిపోయినప్పుడు నూనె కూడా సరిగ్గా అందక కంప్రెసరు దెబ్బతింటుంది. లీకు దగ్గర ఆపగలిగిన ఖర్చు కంప్రెసరు దాకా పోతుంది. పైగా చాలా కార్లలో వాడుతూ వచ్చిన ఆర్134ఏ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఏటా దాన్ని గాలిలోకి వదులుతూ, దానికి మనమే డబ్బు కడుతున్నాం. నష్టం లేదని ఎలా అంటాం?

రెండోది బ్యాటరీ. పొద్దున్న కారు స్టార్టు కాదు. "బ్యాటరీ పోయింది" అంటారు, కొత్తది వేస్తారు. కొన్నాళ్లకి మళ్లీ అదే మొరాయింపు. కళింగపట్నం నుంచి బారువ దాకా సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటుందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకీ బాడీకీ వెళ్లే ఎర్తు తీగ కొసన పట్టే తుప్పు కూడా ఆ గాలి పనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడ్డప్పుడు చూశాం, నీళ్లలో నానిన బండి ఆరిపోయినట్టే ఉంటుంది, కనెక్టర్ల లోపల తుప్పు మాత్రం తర్వాత నెలల తరబడి పని చేసుకుపోతుంది. బాగున్న బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు. దాటిందంటే దోషం ఎర్తు దారిలో ఉంది, బ్యాటరీలో కాదు. కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో కొద్ది నిమిషాల్లో తేలే విషయం ఇది. ఆ కొద్ది నిమిషాలు వెచ్చించకపోవడం వల్ల వేల రూపాయల బ్యాటరీ అనవసరంగా మారుతుంది, అసలు దోషం బండిలోనే ఉండిపోతుంది.

మూడోది, ఇప్పుడు అన్నిటికంటే బలంగా నాటుకున్నది: "కంప్యూటర్ చెప్పింది." మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లలో ఓబీడీ-2 అనే స్వీయ పరీక్ష ఏర్పాటు తప్పనిసరి అయింది. స్టీరింగు కింద సాకెట్టుకి స్కానరు పెడితే కోడు వస్తుంది. ఆ కోడుని తీర్పులా చదువుతున్నారు, అసలది ఫిర్యాదు మాత్రమే. ఉదాహరణకి పీ0171 అనే కోడు, ఇంజనులోకి వెళ్లే మిశ్రమంలో గాలి పాళ్లు ఎక్కువయ్యాయనో, ఇంధనం తగ్గిందనో చెబుతుంది. ఎందుకో చెప్పదు. ఎక్కడో గొట్టం పగిలి లెక్కలోకి రాని గాలి దూరుతూ ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సరుకి మురికి పట్టి ఉండవచ్చు, పెట్రోలు పంపు బలం తగ్గి ఉండవచ్చు, ఇంజెక్టరు మూసుకుపోయి ఉండవచ్చు. ఇవేవీ చూడకుండా, ఆ తేడాని పసిగట్టిన ఆక్సిజన్ సెన్సరునే మార్చేస్తే, నిజం చెప్పిన సాక్షిని పంపించేసినట్టు. కోడు తుడిచేస్తారు, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం ఆరుతుంది, కొంత దూరం తిరిగాక మళ్లీ వెలుగుతుంది. కోడు ఎక్కడ వెతకాలో చెబుతుంది. వెతకాల్సింది మనిషి.

ఇంతమాత్రం చేత మన మెకానిక్‌లకి పని రాదనీ, కారు పట్టుకుని విశాఖపట్నం వెళ్లిపోవాలనీ అనేవాళ్లున్నారు. ఇచ్ఛాపురం మనిషికి అది రెండు వందల కిలోమీటర్లకు పైబడిన మాట. ఆ వాదన కూడా నేను ఒప్పుకోను. సాలూరు పేరు చెబితే లారీలు గుర్తొస్తాయి. ఛత్తీస్‌గఢ్ దారిలో ఘాట్లెక్కే బళ్లని అక్కడి షెడ్లలో బాగుచేసి పంపిన తరాలున్నాయి. చెవితో విని, చేత్తో తాకి దోషం పట్టే నేర్పు ఈ నేలకి కొత్త కాదు. లేనిది నేర్పు కాదు. కొత్త కార్ల లోపలి సమాచారం.

ఆ సమాచారం ఎందుకు లేదో దేశానికంతటికీ తెలిసిన దాఖలా ఉంది. శంషేర్ కటారియా అనే వినియోగదారుడి ఫిర్యాదుతో 2011లో మొదలైన కేసులో, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న తీర్పిచ్చింది. కార్ల కంపెనీలు అసలైన విడిభాగాల్నీ, దోషం పట్టే పరికరాల్నీ, మరమ్మతు పుస్తకాల్నీ బయటి గ్యారేజీలకి అందకుండా చేస్తున్నాయని తేల్చి, 14 కంపెనీలకి కలిపి రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఈ సమాచారం బయటి గ్యారేజీలకి ఇవ్వాలని చట్టం చేసింది. మన కేంద్రం 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, వాహనాల్నీ ఆ పరిధిలో చేర్చింది. పరికరం దొరకనివ్వకుండా చేసి, దోషం పట్టలేదని పల్లె మెకానిక్‌ని నిందించడం అన్యాయం. అదే సమయంలో, పరికరం లేదన్నది ఊహకి బిల్లు వేయడానికి సాకు కాకూడదు. "ఇది నా దగ్గర తేలదు" అని చెప్పే మెకానిక్ గౌరవానికి అర్హుడు. అలా చెప్పినవాడి దగ్గరికే నేను మళ్లీ వెళ్తాను.

అసలు వేరు ఎక్కడుందంటే డబ్బు లెక్కలో ఉంది. ఒక మెకానిక్ గంటసేపు బండి కింద పడుకుని, తీగలు ఒక్కొక్కటీ తడిమి, చివరికి ఊడిన కనెక్టరు ఒకటి నొక్కి పెట్టాడనుకోండి. ఎంత ఇస్తాం? "పార్టేటీ మార్సలేదు కదా, సూసినందుకు డబ్బులేటి?" అంటాం. టీ డబ్బులు చేతిలో పెట్టి వచ్చేస్తాం. అదే మనిషి ఏమీ చూడకుండా ఒక సెన్సరు మార్చి వేల రూపాయల బిల్లిస్తే మారుమాటాడకుండా కడతాం. ఇలా ఏళ్ల తరబడి మనం నేర్పిన పాఠం ఏమిటి? దోషం సరిగ్గా పట్టినవాడికి పస్తు, పార్టు మార్చినవాడికి భోజనం. పొలం హద్దు కొలిచిన సర్వేయరుకి కొలిచినందుకే డబ్బిస్తాం, గట్టు వేసుకున్నామా లేదా అన్నదాంతో సంబంధం లేదు. కారు దగ్గరికొచ్చేసరికి కొలత ఉచితం కావాలంటాం. కొలతకి కూలి లేనిచోట కొలత ఉండదు.

అందుకే నేను రెండు మాటలు కలిపి చెబుతున్నాను, విడదీస్తే రెండూ నిలవవు. దోషం కనిపెట్టే పనికి వేరుగా కూలి ఇవ్వాలి, పార్టు మార్చినా మార్చకపోయినా. ఆ కూలి పుచ్చుకున్నాక, చెప్పింది తప్పైతే ఆ పార్టు ఖర్చూ, బిగించిన కూలీ గ్యారేజీ మీదే పడాలి.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. చిన్న షెడ్డు పెట్టుకున్నవాడు అంత భారం మోయగలడా? నిజాయితీగా వెతికినా తప్పు జరగదా? జరుగుతుంది. రెండు దోషాలు ఒకేసారి ఉన్న బండి మంచి మెకానిక్‌ని కూడా తప్పుదారి పట్టిస్తుంది. అలాంటిచోట ఏ పరీక్ష చేశాడో, ఎంత అంకె వచ్చిందో కాగితం మీద ఉంటే, ఆ తప్పుకి ఒక కారణం కనిపిస్తుంది. ఇద్దరూ కూర్చుని సర్దుకోవచ్చు. ఏ పరీక్షా లేకుండా "మార్సి సూద్దామండి" అన్నచోట సర్దుకోవడానికి ఏమీ ఉండదు. చిన్న షెడ్డుని కాపాడేది ఆ పరీక్ష కూలే. ఇప్పుడున్న పద్ధతి అతన్ని కాపాడటం లేదు, పార్టుల కొట్టుకి కట్టిపడేస్తోంది.

కారు యజమానికీ బాధ్యత ఉంది. గ్యారేజీకి వెళ్లి "ఇంజెక్టర్లు మార్చేయండి" అని మనమే పార్టు పేరు చెబితే, ఆ తప్పు మనదే. చెప్పాల్సింది లక్షణం: ఎప్పుడు వస్తోంది, చల్లటి ఇంజనులోనా వేడెక్కాకా, ఎత్తెక్కేటప్పుడా మలుపులోనా, ఎప్పటి నుంచి. ఆ మాటలు జాబ్‌కార్డులో మన మాటల్లోనే రాయించుకోవాలి. పార్టు మార్చే ముందు, అదే పాడైందని ఎలా తేల్చారో అడగాలి. తీసేసిన పార్టు అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. పని అయ్యాక మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద నడిపి చూడాలి. బిల్లు లేకుండా డబ్బివ్వకూడదు.

"ఇంతా చేసి ఏటి లాభం, కోర్టుల చుట్టూ ఎవలు తిరుగుతారు" అనే నిట్టూర్పు కూడా వాడుకలో ఉన్న భ్రమే. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చేసే పద్ధతిలో నిర్లక్ష్యం, కొరత ఉంటే అది సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. లోపమున్న సేవకి పుచ్చుకున్న డబ్బు, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా, తిరిగివ్వడానికి నిరాకరించడం కూడా అందులోదే. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకి రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోగా వేయాలి. కారు విశాఖపట్నంలో బాగుచేయించినా, టెక్కలిలో ఉండే మనిషి తన జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆమదాలవలస స్టేషను దగ్గర సొంత కారు నడుపుకుని బతికే డ్రైవరు కూడా, స్వయం ఉపాధి కాబట్టి, ఈ చట్టం దృష్టిలో వినియోగదారుడే. అంతదాకా వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు.

ఒక్క సంగతి మరిచిపోకూడదు. సేవలో లోపం ఉందని నిరూపించాల్సిన బాధ్యత ఫిర్యాదు చేసినవాళ్లదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. జాబ్‌కార్డూ, బిల్లూ, పాత పార్టూ, రెండో గ్యారేజీ రాసిచ్చిన కాగితమూ లేకుండా వెళితే మన గోడు గోడుగానే మిగిలిపోతుంది. పై పద్ధతులన్నీ గొడవ పెట్టుకోవడానికి కాదు, నిజం ఎటుందో ఇద్దరికీ తెలియడానికి.

ఇక మార్పు ఎవరి చేతిలో ఉందంటే, ముందు మన చేతిలోనే. ఈ రెండు జిల్లాల మెకానిక్ సంఘాలు కూర్చుని పరీక్ష కూలి ఎంతో ఒక రేటు పెట్టి షెడ్డు గోడ మీద రాయాలి. ఐటీఐల్లో మోటారు వాహనాల ట్రేడు చదివే పిల్లలకి పార్టు విప్పడంతో పాటు, విప్పక ముందు కొలవడం నేర్పాలి. కారు యజమానులుగా మనం ఆ కూలి బేరమాడకుండా ఇవ్వాలి, తప్పు చెప్పినప్పుడు నిలబడి అడగాలి. బేరమాడకుండా ఇచ్చినవాడికే నిలబడి అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కు సంపాదించుకుందాం.